కొత్త గోల్ఫ్ డ్రైవర్ ఇప్పుడు కొనొద్దు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గోల్ఫ్‌లో నీ స్కోర్ 110 దగ్గరే ఆగిపోయి తగ్గట్లేదని, అందుకే కొత్త డ్రైవర్, అంటే దూరం కొట్టే పెద్ద క్లబ్, కొనాలనుకుంటున్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. ఆ డబ్బు ఇప్పుడు ఖర్చు పెట్టొద్దు. నెలకోసారి చెన్నై వెళ్లి ఆడి వస్తే ప్రాక్టీస్ ఎక్కడ కుదురుతుందని నీ బాధ. స్కోర్ తగ్గించే ప్రాక్టీస్‌లో చాలా భాగం నెల్లూరులోనే, ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఒక లెక్క చూడు. పార్ 72 కోర్సులో, అంటే 18 హోల్స్ 72 దెబ్బల్లో ముగించాలని లెక్క ఉన్న చోట, గ్రీన్‌కి (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) రెండు చొప్పున 36 పట్‌లు (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బలు) ఆ పార్‌లోనే కలిపి ఉంటాయి. డ్రైవర్ తీసే అవకాశం వచ్చేది మహా అయితే 14 సార్లు. ఈసారి ఆడినప్పుడు ఎన్ని గ్రీన్‌ల మీద మూడు పట్‌లు పడ్డాయో స్కోర్‌కార్డు మూల రాసుకో. నీ స్ట్రోకులు ఎక్కడ పోతున్నాయో నీకే తెలుస్తుంది.

హాల్‌లో జంపఖానా పరిచి, పట్‌లు కొట్టే క్లబ్ పట్టర్ తీసుకో. గచ్చు మీద వద్దు, బంతి జారిపోతుంది, చేతికి తప్పుడు అలవాటు పడుతుంది. గోల్ఫ్ హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. మన స్టీలు గ్లాసు మూతి దానికంటే చిన్నది. గ్లాసు పడుకోబెట్టి మూడడుగుల దూరం నుంచి కొట్టు. వరసగా పది పడేదాకా లేవొద్దు, మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. కోర్సులో ఆఖరి పట్ ముందు వచ్చే టెన్షన్‌కి అదే మందు. దూరం పట్‌లకి మాత్రం లైన్ కంటే వేగం ముఖ్యం. అది ఇంట్లో రాదు, కాబట్టి చెన్నైలో టీ టైమ్‌కి, అంటే ఆట మొదలుపెట్టే వేళకి, అరగంట ముందే చేరి ప్రాక్టీస్ గ్రీన్ మీద పొడవాటి పట్‌లు దొర్లించు.

క్రికెట్ ఆడిన చెయ్యి కదా, బంతిని కింద నుంచి లేపాలని చూస్తావు. ఐరన్ క్లబ్‌తో ఆ పని నీది కాదు, క్లబ్ ముఖానికున్న వాలే బంతిని లేపుతుంది. ముందు బంతి తగలాలి, తర్వాత నేల. బంతికి జానెడు వెనక ఒక తువ్వాలు మడిచి పెట్టి, అది తగలకుండా కొట్టు. పెరట్లో అయితే ప్లాస్టిక్ బంతులు వాడు, పక్కింటి అద్దాలు పగలవు.

బంకర్, అదే కోర్సులో ఉండే ఇసక గుంట, అంటే నీకు భయమని నాకు తెలుసు. నెల్లూరులో ఉండి ఆ భయమేంటి అబ్బాయ్? మైపాడు బీచ్ పాతిక కిలోమీటర్లే కదా. పొద్దున్నే వెళ్లు, జనం ఉండరు. అలలు తడిపిన ఇసక గట్టిగా ఉంటుంది, క్లబ్ ఎగిరిపడుతుంది. పైన పొడి ఇసకలోకి పో. వేలితో ఒక గీత గీసి, బంతి లేకుండా, ఇసకలో వాడే క్లబ్ సాండ్ వెడ్జ్ ఆ గీత మీదే దిగేటట్టు కొడుతూ పో. క్లబ్ ముఖాన్ని ముందు తెరిచి, అంటే కాస్త ఆకాశం వైపు తిప్పి, ఆ తర్వాత పట్టు పట్టుకోవాలి. గీత కుదిరాక, గీతకి రెండంగుళాలు ముందు బంతి పెట్టు. బంతిని కాదు, ఇసకనే కొట్టాలి. దెబ్బకి ముందు క్లబ్ ఇసకకి ఆనించకుండా నిలబడటం అక్కడే అలవాటు చేసుకో, బంకర్‌లో ఆనితే పెనాల్టీ. ఇంటికి రాగానే క్లబ్‌ని మంచినీళ్లతో కడిగి తుడువు, ఉప్పు తుప్పు పట్టిస్తుంది.

కోర్సులో ఒకటే గుర్తుపెట్టుకో: హోల్‌లో ఉన్న జెండాకి కాదు, గ్రీన్ మధ్యకి గురిపెట్టు. సెవెన్ ఐరన్ ఒకసారి ఎంత దూరం పోయిందో కాదు, పదిసార్లలో సగటున ఎంత పోతుందో చూసి క్లబ్ తియ్యి. చెట్లలోకి పోతే సందులోంచి కొట్టాలని చూడకు, పక్కకి తీసి ఫెయిర్‌వేలో, అంటే గడ్డి కోసిన దారిలో, వేసుకో. బంతి పోయిందని అనుమానం వస్తే, ముందుకు కదలకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) అని చెప్పి రెండోది కొట్టు. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే.

హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బల లెక్క, కూడా తీసుకో. 54 దాకా ఇస్తారు, సిగ్గుపడాల్సిన పని లేదు.

నా దగ్గర ఒక సాండ్ వెడ్జ్ వాడకుండా పడి ఉంది. వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి మనవాళ్లు వస్తున్నారు, వాళ్లతో పంపిస్తాను. పట్టు రబ్బరు అరిగింది, చెన్నై పోయినప్పుడు మార్పించుకో.

ఇట్లు,
మీ మామయ్య