ఆమెకి తెలిసిందెంత? పెద్దమ్మ రాసిన ఉత్తరం

నాన్నా,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "హీరోకి తలనొప్పిగా మారిన పదిమంది ప్రేయసులు". పేరు బాగానే పేలింది. లోపల చమత్కారమూ ఉంది, చదివినవాళ్ళు నవ్వుకుంటారు. కానీ ఆ పదిమందిలో సగానికి పైగా నువ్వు మోపిన నేరం నిలబడదు. కోప్పడకు. 2004లో స్పైడర్‌మ్యాన్ 2 వచ్చినప్పుడు ఒక పత్రికకి రాసిన సమీక్షలో నేనూ అందులో హీరో ప్రేయసి మేరీ జేన్‌ని "గాలివాటు పిల్ల" అన్నాను. మొన్న పాత కాగితాల్లో ఆ కటింగ్ దొరికితే చదవలేక మడిచి పెట్టేశాను. నువ్వు కూడా ఇరవై ఏళ్ళ తర్వాత అలా మడిచిపెట్టకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

నీ మొదటి ముద్దాయి ఆవిడే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. పీటర్‌ని, అంటే ముసుగు లేని స్పైడర్‌మ్యాన్‌ని, వదిలేసి వ్యోమగామితో పెళ్ళికి సిద్ధపడింది, పేరూ హోదా చూసుకుంది అన్నావు. 2002లో వచ్చిన మొదటి సినిమా చివర ఏం జరిగింది? శ్మశానంలో ఆ అమ్మాయే నోరు తెరిచి ప్రేమిస్తున్నానంది. అతనే స్నేహం వరకే అన్నాడు. ఎందుకన్నాడో మనకి తెలుసు, శత్రువులు ఆమె జోలికి వస్తారని భయం. ఆమెకి తెలీదు. తెలిసిందల్లా, మనసు విప్పి చెబితే ఒకడు వద్దన్నాడు. వద్దన్నవాడి కోసం ఎన్నాళ్ళు కూర్చోవాలంటావు?

రెండో సినిమాలో ఆమె నాటకం చూడటానికి వస్తానని పీటర్ మాటిస్తాడు. దారిలో దొంగల వెంట పడి ఆలస్యంగా చేరతాడు. తలుపులు మూశాక ఎవర్నీ వదలమని అక్కడి మనిషి ఆపేస్తాడు. మనం ఆ మనిషి మీద పళ్ళు నూరుతాం, పీటర్ మీద జాలిపడతాం. కెమెరా అతని పక్కన నిలబడింది మరి. లోపల వేషం కట్టి నిలబడ్డ పిల్లకి దక్కింది మాత్రం "రాలేదు" అన్న ఒక్క ముక్క.

కాబట్టి ఒక పని చెయ్యి. ఎవరి గురించి రాయబోతున్నావో ఆ సినిమా పెట్టుకుని, ఒక కాగితం మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు ఆ దృశ్యం వరకు ఆమె కళ్ళతో చూసినవి, చెవులతో విన్నవి మాత్రమే రాయి. కుడివైపు మనకి తెలిసినవి. తీర్పు ఎడమవైపు చూసి రాయి. ఏదో సిద్ధాంతం చెబుతున్నానని అనుకునేవు, గుమాస్తా పని ఇది. విసుగు పుడుతుంది కూడా. కానీ సగం నేరాలు ఆ గీత దగ్గరే రాలిపోతాయి.

2007లో వచ్చిన మూడో భాగానికి ఈ కాగితం కూడా అక్కర్లేదు, పీటరే స్పైడర్‌మ్యాన్ అన్న రహస్యం అప్పటికి ఆమెకి తెలుసు. అయినా అభిమానుల తిట్లు ఆగలేదు. ఆమె పాడిన నాటకానికి చెడ్డ రివ్యూ వస్తుంది. బాధపడుతూ పీటర్‌కి చెప్పుకుంటుంది. అతను ఓదారుస్తున్నాననుకుని, స్పైడర్‌మ్యాన్‌ని కూడా జనం తిడుతూనే ఉంటారు, అలవాటు చేసుకోవాలన్న ధోరణిలో మాట్లాడతాడు. ఇది నీ గురించి కాదు అంటుంది ఆమె. ఆ తర్వాత ఊరంతా చూస్తుండగా, మొదటి సినిమాలో ఆమెకి ఇచ్చిన ఆ తలకిందుల ముద్దునే గ్వెన్ అనే ఇంకో అమ్మాయికి కూడా ఇస్తాడు. మేరీ జేన్ జనంలో నిలబడి చూస్తుంది. దీనికి నువ్వు పెట్టిన మాట "ఏడుపుగొట్టు". ఆ దృశ్యం సౌండ్ తీసేసి ఒకసారి చూడు. ఆమె మొహం మాత్రమే చూడు.

ఆమె తప్పే చెయ్యలేదని నేననడం లేదు. రెండో భాగంలో పెళ్ళిరోజున ఆ వ్యోమగామిని అలా నిలబెట్టి వెళ్ళిపోవడం అన్యాయమే, అది రాయి. చిత్రమేమిటంటే అభిమానులు ఆ ఒక్కదానికి చప్పట్లు కొడతారు. అందులో హీరోకి లాభం ఉంది కదా!

ఇక సూపర్‌మ్యాన్ ప్రేయసి లోయిస్ లేన్. సూపర్‌మ్యాన్ కళ్ళజోడు పెట్టుకుని క్లార్క్ పేరుతో ఆమె ఆఫీసులోనే పనిచేస్తుంటే మనిషిని పోల్చుకోలేదా, ఇంత మొద్దా అని రాశావు. ఆ ఆఫీసులో మిగతావాళ్ళు పోల్చుకున్నారా? ఊళ్ళో ఎవరైనా పోల్చుకున్నారా? మొద్దు బిరుదు ఆవిడ ఒక్కదానికే ఎందుకో చెప్పు. 1978 సినిమాలో, లోయిస్ పక్క గదిలో ఉండగా క్లార్క్ కళ్ళజోడు తీసి వెన్ను నిటారు చేస్తాడు. గొంతు మారుతుంది, మనిషే పెరిగినట్టు ఉంటాడు. చెప్పేద్దామనుకుని మళ్ళీ కుంచించుకుపోతాడు. క్రిస్టొఫర్ రీవ్ అంత బాగా చేశాడు కాబట్టే ఆమె మోసపోవడం నమ్మేలా ఉంది. పైగా రెండో భాగంలో అనుమానం తీర్చుకోడానికి నయాగరా దగ్గర నీళ్ళలోకి దూకింది ఆవిడే. 2013 నాటి సినిమాలోనైతే అతనికి సూపర్‌మ్యాన్ అన్న పేరు రాకముందే ఆరా తీసి పట్టుకుంటుంది. 1938లో మొదటి కథ నుంచీ ఆమె విలేకరి. ప్రశ్నలు వేస్తే నస అంటావు, వెయ్యకపోతే మొద్దు అంటావు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

బ్యాట్‌మ్యాన్‌గా తిరిగే బ్రూస్ ప్రేమించిన రేచల్ డాస్ దగ్గర నువ్వు వాడిన "హ్యాండిచ్చింది" అన్న మాట కొట్టెయ్యి. గోథమ్‌కి బ్యాట్‌మ్యాన్ అవసరం తీరిన రోజు కలిసుందామని 2005 సినిమాలోనే షరతు చెప్పింది. ఆ రోజు రాలేదు. 2008 సినిమాలో, తాను హార్వీ అనే ఇంకొకతన్ని పెళ్ళాడబోతున్నానని, బ్యాట్‌మ్యాన్ అవసరం నీకే తీరదని నాకు అర్థమైందని బ్రూస్‌కి ఉత్తరం రాసి, అతని ఇంట్లో పనిచేసే ఆల్ఫ్రెడ్ చేతికిస్తుంది. ఆమె పోయాక ఆల్ఫ్రెడ్ దాన్ని కాల్చేస్తాడు. తన కోసమే ఆగేదని నమ్మి బ్రూస్ ఏళ్ళ తరబడి ఇంట్లో ముడుచుకు కూర్చుంటాడు. ఆ ఉత్తరం మనకి వినిపించారు, అతనికి ఇవ్వలేదు. ఆమె మాట పూర్తిగా విన్నాక కూడా అతనిలాగే అపార్థం చేసుకుంటే మనకేం మిగిలింది?

గ్వెన్ గురించి "మాట వినుంటే బతికేది" అన్నావు. ఇది వేరే వరస స్పైడర్‌మ్యాన్ సినిమాల్లోని గ్వెన్, అక్కడ ప్రేయసి ఆమే. 2014 సినిమాలో కదలకుండా ఉండమని ఆమె చేతిని పోలీసు కారుకి అంటించి పోయింది పీటర్. విడిపించుకుని వచ్చి కరెంటు గ్రిడ్ సంగతి చూసింది ఆమె. ఆ పని జరక్కపోతే విలన్ ఎలక్ట్రో ఓడేవాడు కాడు. అది కూడా రాసి, ఆ తర్వాత తిట్టు.

అయితే అందర్నీ వెనకేసుకు రమ్మని కాదు నా ఉద్దేశం. కొన్ని పాత్రలు నిజంగానే బోలు. హీరోకి కోపం తెప్పించడానికి చంపడం తప్ప ఆ అమ్మాయితో రచయితకి వేరే పని ఉండదు. 1994లో గ్రీన్ లాంటర్న్ అనే హీరో కామిక్ ఒకదానిలో అతని ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కారు. దాని పేరు మీదే 1999లో, తర్వాత కామిక్స్ రచయిత్రి అయిన గెయిల్ సిమోన్ ఇలాంటి పాత్రల జాబితా వెబ్‌లో పెట్టింది. అలాంటిచోట గట్టిగా రాయి, కానీ ఆ తిట్టు రచయితకి తగలాలి. పాత్ర ఒకటి, దాన్ని రాసినవాడు వేరు, వేసిన నటి ఇంకొకరు. నీ వ్యాసంలో మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. రేచల్ పాత్రకి నటి మారితే ఎవరి మొహం బాగుందన్న చర్చకి నువ్వు ఏకంగా ఒక పేరా ఇచ్చావు. అది మొత్తం తీసెయ్.

పదిమంది అక్కర్లేదు, ముగ్గురు చాలు. వచ్చే ఆదివారంలోగా గీత గీసిన ఆ కాగితాలు ముందు పంపు, వ్యాసం తర్వాత చూద్దాం. నా పాత కటింగ్ కూడా ఇందులో పెడుతున్నాను. కావాలంటే దాంతోనే మొదలుపెట్టు, పేరు మాత్రం వెయ్యకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ