గిర్ ఆవుకు పిడుదులు పట్టాయి, కాంగో జ్వరం భయం ఉందా?

గుజరాత్ నుంచి తెచ్చిన ఆవుకు ఒళ్లంతా పిడుదులే, కానీ మేత బాగానే తింటోంది, కాంగో జ్వరం గురించి టెన్షన్ పడాలా అని అడిగారు. ఆవు బాగానే ఉంటుందండి, జాగ్రత్త పడాల్సింది మీరే. కాంగో జ్వరం అంటే పిడుదుల ద్వారా మనుషులకు సోకే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు. ఆ వైరస్ సోకినా పశువులో జబ్బు లక్షణాలేవీ కనబడవు. రక్తంలో మాత్రం వారం దాకా ఉంటుంది. దాన్ని పీల్చిన పిడుదు కుట్టినా, చిదిమినప్పుడు ఆ రక్తం చేతి గాయానికి తగిలినా మనకు అంటుకుంటుంది.

నేనూ మూడేళ్ల క్రితం అక్కడి నుంచే రెండు ఆవులు తెచ్చుకున్నాను. లారీ దిగిన మర్నాడు తోక కింద, పొదుగు పక్కన చేయి పెడితే ఆముదం గింజల్లా తగిలాయి. చిన్నప్పటి అలవాటు కొద్దీ పీకి గోళ్ల మధ్య నలిపేశాను. ఒకటి చిట్లి, కొడవలి గాటున్న వేలి మీద రక్తం పడింది. సాయంత్రం పశువుల డాక్టరుగారికి మాటల్లో చెబితే ఆయన ముఖం మారిపోయింది. 2011 జనవరిలో అహ్మదాబాద్ దగ్గర సాణంద్ ప్రాంతంలో మన దేశంలో మొదటిసారి ఈ జ్వరం బయటపడిందని, రోగితో పాటు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారని అప్పుడే తెలిసింది. 14 రోజులు జ్వరం చూసుకోమన్నారు. రోజూ రాత్రి మా ఆవిడ నా నుదుటి మీద చేయి పెట్టి చూసేది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

దీనికి పశువులకు టీకా లేదు. పిడుదులను తగ్గించడమే దారి. చేతికి గ్లవుజులు వేసుకుని, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, కిరోసిన్‌లో వేయండి. డెల్టామెత్రిన్ లాంటి పిడుదుల మందు ఎంత కలపాలో డాక్టరును అడిగే కొట్టండి. ఆవు నాకకుండా మూతికి చిక్కం కట్టండి.

ఆవుకు కొట్టి ఊరుకుంటే మాత్రం మళ్లీ వస్తాయి. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలి పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. మా కొట్టంలో గాడి వెనక మట్టిగోడ పగులులో టార్చి వేస్తే వరుసగా నక్కి ఉన్నాయి! పగుళ్లకు మందు కొట్టి, సిమెంటు పూసి, సున్నం వేశాక గానీ అదుపులోకి రాలేదు. 15 రోజులకోసారి గోడ చూసుకుంటూనే ఉన్నాను.

కొత్త ఆవును కనీసం రెండు వారాలు విడిగా కట్టేయండి. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే, ఆసుపత్రిలో ముందుగా ఈ పిడుదుల సంగతే చెప్పండి. ఇంతకీ మీ కొట్టం గోడలు మట్టివా, ఇటుకవా?