డ్రామా క్లాసులో ఏం చేయిస్తారు? నటన రాకపోయినా చేరవచ్చా?

చేరవచ్చు. హైస్కూల్ డ్రామా క్లాసులో సాధారణంగా నటనా ప్రతిభ ఒక్కదానికే మార్కులు వేయరు. హాజరు, రిహార్సల్‌లో శ్రద్ధ, గడువులోగా డైలాగులు కంఠతా పట్టడం కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్కరు రాకపోయినా ఆ సీనులో మిగతావాళ్లంతా ఆగిపోతారు కదా, అందుకే టీచర్లు హాజరు దగ్గర గట్టిగా ఉంటారు.

మొదట్లో గొంతు, ఊపిరి, కదలికల మీద కసరత్తులు, మూకాభినయం, అప్పటికప్పుడు అల్లుకునే సన్నివేశాలు ఉంటాయి. తర్వాత ఏకపాత్రాభినయం, ఇద్దరి సీన్లు. రాతపని కూడా ఉంటుంది: స్క్రిప్టు చదివి, పాత్రకి ఏం కావాలి, దానికి అడ్డేమిటి అని రాయాలి. నా దృష్టిలో అసలు నేర్చుకునేది ఇక్కడే. ఆ కోరిక అర్థమైతే డైలాగు ఎలా పలకాలో చాలావరకు దానంతటదే తెలుస్తుంది.

స్టేజీ అంటే బాగా టెన్షన్ అయితే, పెద్ద ప్రదర్శనలప్పుడు లైటింగ్, సౌండ్, కాస్ట్యూమ్స్ పని అడగండి. అదీ నాటకంలో భాగమే.