గుర్రపుడెక్క తీయించబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు మత్స్యకార సహకార సంఘానికి అధ్యక్షుడివయ్యావనీ, ఊరి చెరువులోనూ, పక్కనున్న మురుగు కాలువలోనూ, ఆ కాలువ కొల్లేటిలో కలిసే మొగ దగ్గరా నీటిని కప్పేసిన గుర్రపుడెక్క కలుపు అంతా ఈ వేసవిలో ఒక్కసారే తీయించాలని తీర్మానం చేయించావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళు ఈ తూడుతోనే, అంటే నీటి కలుపుతోనే గడిపినవాణ్ణి కనుక, పొక్లెయిన్ (తవ్వే యంత్రం) మాట్లాడుకునే ముందు నీవు ఈ ఉత్తరం చదవాలని కోరుకుంటున్నాను.

చూడటానికి మొక్క ఒకటే గాని, అది పరుచుకున్న నీళ్ళు మూడు చోట్లవి, ఆ మూడింటి మీదా అధికారం మూడు చేతుల్లో ఉంది. చెరువును మీ సంఘం లీజుకు తీసుకున్నా, మీకు వచ్చిన హక్కు చేపల మీదే గాని గట్టు మీద, తూముల మీద కాదు. అందుచేత పంచాయతీ తీర్మానం నకలు, చెరువు కింద ఆయకట్టు ఉంటే జలవనరుల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి లేఖ, రెండూ చేతిలో పెట్టుకో. మురుగు కాలువ ఆ శాఖ డ్రెయినేజీ విభాగానిది. తూడు తీతకు వాళ్ళే అంచనాలు వేసి టెండరు పిలుస్తుంటారు కనుక, మీ కాలువ ఈ ఏడు జాబితాలో ఉందేమో ముందు కనుక్కో. ఉంటే సంఘం డబ్బు అక్కడ ఖర్చు పెట్టనక్కర లేదు.

అసలు జాగ్రత్త పడవలసినది కొల్లేటి దగ్గర. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) లోపలి సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి కూడా చేరింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షను ప్రకారం, అభయారణ్యంలోంచి ఏ మొక్కనైనా తొలగించాలన్నా, నీటి పారుదలను మార్చాలన్నా, అది అక్కడి వన్యప్రాణుల మేలుకే అవసరమని ప్రభుత్వం సంతృప్తి చెందిన మీదట రాష్ట్రంలో వన్యప్రాణుల రక్షణ చూసే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే అనుమతి ఉండాలి. కలుపు మొక్కే కదా అన్న వాదన అక్కడ నిలవదు. 30వ సెక్షను నిప్పు పెట్టడాన్ని, 32వ సెక్షను జీవులకు హాని చేసే రసాయనాల వాడకాన్ని నిషేధిస్తున్నాయి. ఎండిన కుప్పను తగలబెడదామని మీ కుర్రాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు కనుక ఈ మాట నీవు పని మొదలయ్యే రోజే అందరికీ చెప్పాలి.

దరఖాస్తు ఏలూరులోని వన్యప్రాణి విభాగం డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) కార్యాలయంలో ఇవ్వు. అందులో ‘గుర్రపుడెక్క తొలగింపు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. ఎంత మేర తీస్తారు, ఏ నెలలో తీస్తారు, ఎన్ని దోనెలు, ఎంతమంది మనుషులు, తీసినది ఎక్కడ ఆరబెడతారు అన్నది రాసి, సర్వే నంబర్లతో పటం జతచెయ్యి. పొక్లెయిన్ దించబోమనీ, మట్టి కదపబోమనీ, కిక్కిస గడ్డిని ముట్టుకోబోమనీ స్పష్టంగా రాయి. 2006లో అభయారణ్యంలోని అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేసిన నాటి నుంచి కొల్లేటిలో యంత్రం కనబడితే మళ్ళీ చెరువు తవ్వుతున్నారన్న అనుమానం రావడం సహజం, ఆ అనుమానం న్యాయమైనదే కూడా. కిక్కిస, జమ్ము మన నేలవి, పిట్టలకు అవే నీడ. వాటినీ గుర్రపుడెక్కనూ ఒకే గాటన కట్టి నరికించడం నేను చూసిన తప్పుల్లో పెద్దది. అనుమతి రావడానికి నెలలు పట్టవచ్చు, కాబట్టి ఈ వేసవికి చెరువూ కాలువా చేసుకుని, మొగ పని వచ్చే ఏటికి ఉంచుకోవడమే నా సలహా.

ఇక పని తీరు. కాలువలు కట్టేసి నీరు తగ్గిన రోజుల్లో, పూత విత్తనంగా మారకముందే మొదలుపెట్టాలి. ఎందుకంటే రాలిన విత్తనం బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళ దాకా బతికే ఉంటుంది. ఒక మొక్కను చేతిలోకి తీసుకుని చూడు: బుడగలా ఉబ్బిన కాడ, కింద నల్లటి కుచ్చులాంటి వేర్లు, పక్కకు సాగిన తీగ కొసన పిల్ల మొక్క. ఆ తీగ పుటుక్కున తెగిపోతుంది, తెగిన పిల్ల తేలుతూ వెళ్ళి మరోచోట కాపురం పెడుతుంది. వేడి వాతావరణంలో రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. అందుకని నరికి లాగడం కాదు, ముందు వెదుళ్ళు, వల కట్టి, నీటి మీద చాపలా అల్లుకున్న మొక్కల దట్టాన్ని ముక్కలుగా విడదీసి, గాలి వాలున ఒడ్డుకు తోసి, వేళ్ళతో సహా పైకెత్తాలి. తూము దగ్గరా, అలుగు దగ్గరా వల తప్పనిసరి, లేకపోతే మీ చెరువు కలుపు కింది ఊరికి చేరుతుంది. దోనె ముందుకు పోయే కొద్దీ నీటికోళ్ళ గూళ్ళు చూసుకుంటూ వెళ్ళమని చెప్పు. గుడ్లు కనబడితే ఆ చాప ముక్కను అక్కడే వదిలెయ్యండి.

తీసింది ఎక్కడ వేస్తారన్నది తీయడమంత పెద్ద ప్రశ్న. దట్టంగా అల్లుకున్నచోట హెక్టారుకు 200 టన్నుల పచ్చి బరువు ఉంటుంది, అందులో నూటికి తొంభై వంతులకు పైగా నీళ్ళే. ఒకసారి నా పర్యవేక్షణలోనే, లారీ కిరాయి మిగులుతుందని కుప్పలన్నీ గట్టు లోపలి వాలు మీదే వదిలించాను. జూన్‌లో కురిసిన మొదటి పెద్దవాన వాటిని మళ్ళీ చెరువులోకే దించింది, దసరా నాటికి చెరువు మునుపటిలాగే మూసుకుపోయింది. నెల రోజుల కూలీ అంతా నా నిర్ణయం వల్ల నీళ్ళపాలైంది. అందుచేత గట్టు బయట, వాన నీరు చెరువులోకి తిరిగి రాని మెరకన, పలచగా పరిచి ఆరబెట్టించు. ఆరాక బరువు పదో వంతుకు దగ్గరవుతుంది, అప్పుడు తోలడం తేలిక. పశువుల పేడతో కలిపి ఎరువు చేసుకోవచ్చు గాని, పట్టణాల మురుగు వచ్చే కాలువలోది మాత్రం కూరగాయల మడికి వెయ్యకు, ఈ మొక్క నీటిలోని లోహాలను కూడా పీల్చుకుంటుంది.

మందు కొడితే వారంలో తేలిపోతుందని నీకు చెప్పేవాళ్ళు ఉంటారు. ఒక చోట చెరువంతటికీ ఒకేసారి మందు కొట్టించగా, చచ్చిన చాప అంతా అడుగుకు దిగి కుళ్ళి, ప్రాణవాయువు చాలక తెల్లవారేసరికి చేపలు తేలిపోవడం నేను కళ్ళారా చూశాను. 2,4-డి అనే కలుపు మందు గాలికి కొట్టుకుపోతే పక్క చేలో పత్తి ఆకు ముడుచుకుపోతుంది. చేపల మీద బతికే సంఘం చేయదగిన పని కాదది.

మరో మార్గం పురుగులది. 1982లో మన దేశానికి తెప్పించిన నియోకెటీనా ముక్కు పురుగులు ఈ మొక్క ఆకును గీకి తిని, వాటి పిల్లలు కాడలో సొరంగాలు చేస్తాయి. బెంగళూరు చెరువుల్లో అవి బాగా పనిచేశాయి. ఫలితానికి రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలి. ఆకుల మీద చిన్న చిన్న గీకుడు మచ్చలు కనబడితే పురుగు ముందే ఉందన్నమాట, ఒక మూల కొంత చాప దానికోసం ఉంచు.

చెరువు శుభ్రమైన రోజున ఫొటోలు తీసుకుని పని ముగిసిందనుకోకు. తొలకరి తరువాత బురద అంచున వేలెడంత మొలకలు వస్తాయి. నవంబరు దాకా పదిహేను రోజులకోసారి ఇద్దరు మనుషులు దోనె మీద తిరిగి వాటిని ఏరాలి. ఆ కూలీని ఇప్పుడే లెక్కలో విడిగా చూపించి, సంఘం చేత ఆమోదింపజేయి. చెరువులోకి ఏ ఇంటి మురుగు, ఏ చేపల చెరువు వదిలే నీరు వస్తోందో కూడా చూడు, ఆ బలం అందినంత కాలం మొక్క వస్తూనే ఉంటుంది.

వచ్చే ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు గ్రామ పటం, లీజు కాగితం, పంచాయతీ తీర్మానం నకలు తీసుకురా, దరఖాస్తు ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఇట్లు,
మీ మావయ్య