ఐదూ ఒక్కరోజులో వద్దురా, ముందు ద్రాక్షారామం రండి

ఒరేయ్ నాన్నా,

నిన్న ఫోన్లో నువ్వు కార్తీకంలో ఆదివారం రాత్రి బస్సెక్కి సోమవారం పంచారామాలన్నీ చూసేసి మంగళవారం పొద్దుటికి ఆఫీసుకెళ్ళిపోతాం అత్తా అన్నప్పట్నించీ నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే సగం విని ఊ కొట్టేస్తావని ఇలా రాస్తున్నా, కోడలు పిల్లకి కూడా చదివి వినిపించు.

ఆ ట్రిప్పు తప్పని నేననను. ఆర్టీసీ వాళ్ళు కార్తీకంలో స్పెషల్ బస్సులేస్తారు, అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకేరోజు చూస్తే మంచిదని నమ్మి వెళ్ళేవాళ్ళు ఎందరో. కానీ ఒకటో క్లాసు పిల్లాణ్ణి వెంటేసుకుని ఐదు చోట్ల క్యూలో ఎలా నిలబడతారు చెప్పు.

మేం ఒకసారి అలాగే వెళ్ళాం, మీ మావయ్య, నేను, మా అత్తగారు, ఓ ప్రైవేట్ బస్సులో. ద్రాక్షారామం చేరేసరికి ఆవిడ కాళ్ళు వాచిపోయాయి, బస్సు వాళ్ళు అరగంటే టైమన్నారు, ఆ అరగంట క్యూకే సరిపోయింది, కింద నుంచి స్వామికి దణ్ణం పెట్టుకునేలోపు బయట హారన్ కొడుతున్నారు. అభిషేకం చేయిద్దామని ఆవిడ ఇంటి దగ్గర్నించి చెంగులో చుట్టి తెచ్చుకున్న ఆవుపాల సీసా, పాలు విరిగిపోయి, మళ్ళీ మా ఇంటికే వచ్చింది. పై కార్తీకానికి ఆవిడ లేదురా. ఆ సీసా మూత తీసి పాలు కొబ్బరిచెట్టు మొదట్లో పోసింది నేనే, ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే చెప్తున్నా, ఈసారి ద్రాక్షారామం ఒక్కటే పెట్టుకోండి, అదీ సోమవారం కాకుండా మంగళవారమో బుధవారమో. మిగతా నాలుగూ ఏడాదికొకటి చూద్దురుగాని, ఎక్కడికీ పోవు. ముందురోజు మన ముక్తేశ్వరం వచ్చి ఇంట్లో పడుకోండి, పొద్దుటే రేవులో పంటు ఎక్కితే గోదావరి పాయ గౌతమి దాటి కోటిపల్లిలో దిగుతారు. గురువుగారి భార్యని చేపట్టిన పాపానికి కళ పోగొట్టుకున్న చంద్రుడు అక్కడే మునిగి సోమేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి మళ్ళీ కళ తెచ్చుకున్నాడంటారు. స్నానం అక్కడ చేసెయ్యండి, నీళ్ళు లాగుతుంటే మాత్రం పిల్లాణ్ణి దింపకుండా చెంబుతో పొయ్యండి చాలు. సిద్ధి జనార్దన స్వామిని కూడా చూసి ఆటో మాట్లాడుకుని ద్రాక్షారామం వచ్చెయ్యండి, మధ్యాహ్నం తలుపులేసేస్తారు కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు.

వెళ్ళగానే గుళ్ళోకి పరుగెత్తకండి, ముందు సప్తగోదావరి గుండం దగ్గర కాళ్ళు కడుక్కోండి. ఇక్కడి భీమేశ్వరస్వామికి అభిషేకం చెయ్యాలని ఏడుగురు ఋషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారని, వాళ్ళు వచ్చేలోపే స్వామి తనంతట తనే వెలిశాడని, సూర్యుడే మొదటి అభిషేకం చేశాడని చెప్తారు. తారకాసురుడి మెడలో ఆత్మలింగాన్ని కుమారస్వామి కొడితే ఐదు ముక్కలై ఐదు చోట్ల పడ్డ కథ నీకు తెలుసు కదా, అందులో ఒక ముక్క ఇది. దక్షుడి యజ్ఞం జరిగిందీ ఇక్కడేనంటారు, దక్షవాటిక అనే పేరు అందుకే. గుండం మెట్లు పాచి పట్టి ఉంటాయి, కోడలిని చెప్పులు విప్పాక చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెల్లగా దిగమను. దీపం వదలాలంటే అరటి దొప్పలో ఉసిరికాయంత బియ్యప్పిండి ముద్ద పెట్టి దానిమీద వత్తి నిలబెట్టండి, వత్తి రాత్రే నేతిలో నానెయ్యాలి, అప్పుడు గాలికి ఆరదు. ప్లాస్టిక్ కప్పుల్లో వదలడం మాత్రం నాకు అస్సలు నచ్చదు.

ఇక అసలు మాట. స్వామి లింగం రెండంతస్తుల ఎత్తు, కింద చూసింది సగమే, అభిషేకం జరిగేది పైన. మెట్లెక్కి పైకి వెళ్ళండి, లోపల చీకటిగా ఉంటుంది, ఓ నిమిషం ఆగితే కళ్ళు అలవాటు పడతాయి. లింగం మీద నల్లటి చారలు కనిపిస్తాయి, పులిచర్మం గుర్తులంటారు, పిల్లాడికి చూపించు. గోత్రం, ఇంట్లో అందరి పేర్లు, నక్షత్రాలు ఒక చీటీ మీద ముందే రాసుకో, లేకపోతే పంతులుగారు సంకల్పం చెప్పించేటప్పుడు నువ్వు మీ నాన్నకి ఫోన్ చేస్తూ నిలబడతావు. తర్వాత మాణిక్యాంబ అమ్మవారికి కుంకుమ పూజ. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి కదా, శివుడూ శక్తీ రెండూ ఒకే ప్రాకారంలో దొరుకుతున్నాయి, అక్కడ తొందరపడకండి. వ్యాసుడికి కాశీలో భిక్ష దొరక్క ఆ ఊరినే శపించబోతే విశ్వనాథుడు వెళ్ళిపొమ్మన్నాడట, ఏడుస్తూ దక్షిణానికొచ్చినవాడు ఈ క్షేత్రం చూసి కుదుటపడ్డాడని శ్రీనాథుడు రాశాడు. దక్షిణ కాశి అనడం ఊరికే కాదు.

పిల్లాడు విసిగితే స్తంభాల దగ్గరికి తీసుకెళ్ళు. తూర్పు చాళుక్యుల్లో చాళుక్య భీముడు కట్టించిన గుడి ఇది, ఆ తర్వాత 11, 12 శతాబ్దాల్లో వేయించిన శాసనాలు వందల్లో ఉన్నాయి. చాలావాటికి మొదట స్వస్తి శ్రీ అని ఉంటుంది, ఆ శ్రీ మన శ్రీకి దగ్గరగానే ఉంటుంది, వాణ్ణి వెతకమంటే గంటసేపు ఆడుకుంటాడు. దేవుడి ముందు అఖండ దీపం ఆరకుండా నెయ్యి కోసం ఆవుల్నీ గొర్రెల్నీ ఇచ్చిన వాళ్ళ పేర్లున్నాయిరా ఆ రాళ్ళ మీద. కొందరు భక్తి అనుకుని వాటికి పసుపు, కుంకుమ, నూనె రాస్తారు, కర్పూరం వెలిగిస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కోడలు పిల్లకి అది ముందే చెప్పు, చేత్తో తాకి దణ్ణం పెట్టుకోమను.

ఉపవాసం విషయం, నీకు బీపీ మాత్రలున్నాయి, పూర్తి ఉపవాసం వద్దు, పాలు పళ్ళు తీసుకుని సాయంత్రం చుక్క చూసి భోంచెయ్యి, పిల్లాడికి మాత్రం వేళకి పెట్టెయ్యండి. చీకటి పడేలోపు పంటు దగ్గరికి వచ్చేస్తే వంట నేను చేసి ఉంచుతా.

ఏ వారం వస్తున్నారో పదిరోజుల ముందు చెప్పు, అరటి దొప్పలు కోయించి పెడతాను. పాలు నువ్వు ప్యాకెట్లు కొనొద్దు, పక్కింట్లో ఆవు ఈనింది, ఆ రోజు పొద్దుటి పాలు మనకే ఉంచమని చెప్పేశాను.

మీ మేనత్త