నాన్న మారుతికి 85 వేలు: బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది తిరుపతి. నాన్నగారు 1997లో కొన్న మారుతి 800నే ఇప్పటికీ నడుపుతున్నాను. ఎండాకాలం అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోతోంది, మిస్సింగ్ (ఇంజిన్ మధ్యమధ్యలో తడబడటం) కూడా ఉంది. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) తీసేసి, పెట్రోల్‌ను కంప్యూటర్ కొలతతో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టడానికి 85 వేలవుతుందని, మైలేజీ 14 నుంచి 16కి పెరుగుతుందని మెకానిక్ అంటున్నారు. నెలకు 400 కిలోమీటర్లు తిరుగుతాను. జీతం 38 వేలు. 7 శాతం వడ్డీతో 1,20,000 ఎఫ్‌డీ ఉంది. దాన్ని కదపకుండా నా భార్య బంగారం కుదువ పెడదామనుకుంటున్నాను. జూన్‌లో పాపను స్కూల్లో చేర్చాలి. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం బీరువాలోంచి తీయకండి. ఎఫ్‌డీ కూడా కదపకండి. అది మీ మూడు నెలల జీతం, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది అదే.

పెట్రోల్ లెక్క చూడండి. 400 కిలోమీటర్లకు ఇప్పుడు దాదాపు 28.5 లీటర్లు పడుతోంది. మైలేజీ 16 వస్తే 25 చాలు. మిగిలేది మూడున్నర లీటర్లు. లీటరు 110 అనుకుంటే నెలకు 390, ఏడాదికి 4,700 రూపాయలు. అదే 85 వేలు మీ ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి 5,950 వడ్డీ వస్తుంది. బంగారం మీద 10 శాతానికే అప్పు దొరికినా ఏడాదికి 8,500 కట్టాలి. అంటే పెట్రోల్ ఆదాతో ఈ ఖర్చు ఎప్పటికీ పూడదు. నాన్నగారి కారు మీద ప్రేమతో చేయిస్తానంటే నేను కాదనను. ఆ ప్రేమకు అప్పు మాత్రం చేయొద్దు.

మీ బాధ నాకు తెలుసు. మా నాన్నకు పద్మిని కారు ఉండేది. మే నెలలో ఘాట్ మలుపులో ఆగిపోతే బానెట్ ఎత్తి, తడి తువ్వాలు పెట్రోల్ పంపు మీద కప్పి, చల్లారేదాకా ఆ పక్కనే నిలబడేవాళ్లం. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై పంపుకు అందకపోవడమే కారణం. ఇంజెక్షన్‌లో పెట్రోల్ ఎక్కువ ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఈ బెడద బాగా తగ్గుతుంది. పైకి ఎక్కేకొద్దీ గాలి పలచబడినా సెన్సర్లు చూసి కంప్యూటరే పెట్రోల్ తగ్గిస్తుంది. మీ మెకానిక్ చెప్పేదాంట్లో అంతవరకు నిజముంది.

కానీ ఇంజిన్‌లో కంప్రెషన్ (సిలిండర్లలో గాలి, పెట్రోల్ నొక్కుకునే ఒత్తిడి) పడిపోయి ఉంటే ఇంజెక్షన్ పెట్టినా మిస్సింగ్ పోదు. అందుకే ముందు మూడు సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ చేయించండి. బాగుంటే కార్బురేటర్ విప్పి కడిగించి, గ్యాస్కెట్లు, డయాఫ్రం మార్పించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు దానికి ఉబ్బి, పగులుతుంది. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే పైపులే అడిగి వేయించండి, అవి ఎగ్జాస్ట్‌కు తగలకుండా చూసుకోండి. కొద్ది వేలతో అయ్యే పని ఇది. చాలా బండ్లు ఇంతటితోనే దారికొస్తాయి.

ఇక కాగితాలు. 15 ఏళ్ల తర్వాత ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కదా, ఆ లెక్కన మీ బండికి 2027లో మళ్లీ వస్తుంది. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో 10,000 రూపాయలైంది. ఆ రెన్యువల్‌కు చేసే ఫిట్‌నెస్ పరీక్ష పాసయ్యాకే ఇంజెక్షన్ మాట ఎత్తండి. 85 వేలు పెట్టాక ఫిట్‌నెస్‌లో ఫెయిలైతే ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వరు. ఇంజెక్షన్ ఉన్న 800 ఇంజిన్‌నే స్క్రాప్ నుంచి తెచ్చి మార్చేస్తామని కొందరంటారు. అలా చేస్తే ఇంజిన్ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీవో అనుమతి ఉండాలి, ఆర్‌సీలో ఎక్కించాలి. ఏ మార్పు చేయించినా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

అప్పటికీ మనసు దాని మీదే ఉంటే, పాప ఫీజు కట్టేశాక జూలై నుంచి నెలకు 3,500 ఆర్‌డీ వేయండి. రెండేళ్లకు అసలే 84 వేలవుతుంది, వడ్డీతో మీ కొటేషన్ దాటుతుంది.

ఈలోగా కంప్రెషన్ టెస్ట్‌లో వచ్చిన మూడు అంకెలనూ కాగితం మీద రాయించుకుని, ఆర్‌సీ గడువు తేదీతో పాటు నాకు పంపండి. మిగతా లెక్క అవి చూసి వేద్దాం.