విద్యా మనోవిజ్ఞానం ఎంచుకుంటే సైకాలజిస్టుగా గుర్తింపు ఉంటుందా?

ప్రశ్న: సైకాలజీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తోటివారంతా మానసిక సమస్యలకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజీ వైపు వెళ్తున్నారు. మా అధ్యాపకురాలు విద్యా మనోవిజ్ఞానం (ఎడ్యుకేషనల్ సైకాలజీ) తీసుకోమంటున్నారు. అది ఉపాధ్యాయ శిక్షణలో ఒక భాగమే కదా అని సందేహిస్తున్నాను.

జవాబు: పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో వివరించిన పియాజే, వైగోట్‌స్కీల సిద్ధాంతాలను పరీక్ష కోసం చదివించి, అసలు పని ఎలా ఉంటుందో చూపించకపోవడం వల్లనే చాలామందికి ఈ సందేహం కలుగుతోంది. నిజానికి క్లినికల్ సైకాలజీకి నాంది పలికిన క్లినిక్ కూడా బడి సమస్యతోనే మొదలైంది. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆ క్లినిక్ నెలకొల్పిన సైకాలజిస్టు లైట్నర్ విట్మర్ వద్దకు ఒక ఉపాధ్యాయురాలు తీసుకువచ్చిన మొదటి కేసు, తప్పులు లేకుండా పదాలు రాయలేకపోతున్న బాలుడు. పరీక్షించగా చూపులో లోపం బయటపడింది.

నేటికీ ఈ వృత్తికి ప్రాణం అటువంటి పరిశీలనే. చదవలేకపోతున్న ఒక పాపను బడిలో సోమరి అంటారనుకుందాం. సైకాలజిస్టు ఆమె చేత పైకి చదివించి, ఎక్కడ ఆగుతోందో, ఏ అక్షరాలను తారుమారు చేస్తోందో రాసుకుంటారు. అదే స్థాయి పాఠాన్ని తాము చదివి వినిపించి ప్రశ్నలు అడుగుతారు. విన్నది చక్కగా అర్థమై, చదివినది అర్థం కాకపోతే, చిక్కు తెలివిలో లేదు, అక్షరాలను ధ్వనులుగా మార్చుకోవడంలో ఉందని అనుమానించి, చూపు, వినికిడి కూడా సరిచూసి, ఉపాధ్యాయులు మరుసటి రోజు నుంచే ఏం చేయాలో నివేదికలో రాస్తారు. ఒక బిడ్డ మీద పడిన ముద్రను ఆధారాలతో తొలగించగలగడం కన్నా పెద్ద గుర్తింపు ఏముంటుందో నాకు తోచదు.

పరిశోధనంటే ఇష్టమైతే ఆ దారీ ఉంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు 5 నిమిషాల తర్వాత పరీక్షలో ముందుండగా, చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారు వారం తర్వాత ఎక్కువ గుర్తుంచుకున్నారని సైకాలజిస్టులు రోడిగర్, కార్పికీ 2006లో చూపారు. ఇటువంటి పనికి గణాంకశాస్త్రం, పరీక్షల రూపకల్పన బాగా రావాలి.

కోర్సు ఎంపికలో మాత్రం జాగ్రత్త అవసరం. పిల్లలతో నేరుగా పనిచేసేవారిని బ్రిటన్‌లో ఎడ్యుకేషనల్ సైకాలజిస్టులని, అమెరికాలో స్కూల్ సైకాలజిస్టులని పిలుస్తారు; అమెరికాలో మొదటి పేరు ఎక్కువగా పరిశోధకులకు వర్తిస్తుంది. కాబట్టి మీరు పనిచేయదలచిన చోట ఆ పట్టాతో లైసెన్సు లభిస్తుందా, పర్యవేక్షణలో శిక్షణ ఉందా అన్నది చేరకముందే విచారించండి. ఆలోగా అనుమతి తీసుకొని కొన్ని వారాలు ఒక తరగతిలో వెనుక కూర్చొని, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో గమనించండి. ఆ తడబాటుకు కారణం వెతకాలని మీకు అనిపిస్తే, మీ అధ్యాపకురాలి సలహాను నిస్సంకోచంగా పాటించండి.